రీఇష్యూ ఎల్పీని అసలు టేపు నుంచే కట్ చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ ఏడాది రీఇష్యూల్లో, అంటే పాత ఆల్బమ్‌లను మళ్లీ వేసిన ఎల్పీ రికార్డుల్లో, నాకు బాగా నచ్చినవాటి జాబితా రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. అట్ట మీద "180 గ్రాములు", "రీమాస్టర్డ్" అని ఉంటుంది గానీ, రికార్డు గాడిని అనలాగ్ టేపు నుంచి కట్ చేశారా (చెక్కారా), డిజిటల్ ఫైల్ నుంచా అన్నది చాలావాటి మీద ఉండదు. బరువును బట్టి నాణ్యత చెప్పలేం కదా. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి వైపు దశాబ్దాలపాటు కాస్త ఎక్కువ స్పీడుతో, అంటే కొంచెం పెరిగిన శ్రుతిలోనే వినిపించింది. 1990లలో గానీ సరిచేయలేదు. అందుకే మూలం ఏదన్నది నాకంత ముఖ్యం.

లేబుల్ చుట్టూ, పాటలు అయిపోయాక మిగిలే నున్నటి చోట గీసిన నంబర్లు, ఇంజనీర్ పొడి అక్షరాలు టార్చి వేసి చూస్తున్నాను. వాటిని బట్టి మూలం పట్టుకోవచ్చా? 1960ల తొలినాళ్ల ఆల్బమ్‌లకు మోనో, స్టీరియో రెండూ దొరికితే మీరేది తీసుకుంటారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.