కుద్రేముఖ్ ట్రెక్‌కి రోజుకి 300 మందేనా?

మారతహళ్లి_ట్రెకర్:
కర్ణాటక పశ్చిమ కనుమల్లోని కుద్రేముఖ్ శిఖరం ఎక్కడానికి మూడు వారాలుగా శనివారం స్లాట్ కోసం చూస్తున్నాను. బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతోంది. బెంగళూరులో ఇన్ని లక్షల మంది ఉద్యోగస్తులం ఉన్నాం. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కులో ఆ శిఖరానికి రోజుకి 300 మందినే పంపడం అన్యాయం. శని, ఆదివారాల్లో రెట్టింపు చేయాలి. ట్రెక్ మొదలయ్యే ముల్లోడి ఊళ్లో హోంస్టేల వాళ్లకి, జీపుల వాళ్లకి నాలుగు డబ్బులు కూడా వస్తాయి. మీరేమంటారు?

కర్నూలు_కుర్రాడు:
నేను ఒప్పుకోనండీ. అడవి ఎంత పెద్దదైనా మనం నడిచేది ఒకే ఒక్క కాలిబాట. అందరూ దాని మీదే ఎక్కాలి, దాని మీదే దిగాలి. నేను జూలైలో వెళ్లాను. గడ్డి కొండలు, వాటి మడతల్లో షోలా అనే దట్టమైన పొట్టి చెట్ల అడవి, కళ్ల ముందే కదిలిపోయే మంచు... ఇంటికొచ్చాక రెండు రోజులు పని మీద మనసు పెట్టలేకపోయాను. కానీ కొన్నిచోట్ల బాట కాలవలా కోసుకుపోయింది. బురద తప్పించుకోవాలని జనం పక్కన గడ్డి తొక్కుతారు, కొన్నాళ్లకి అక్కడ ఇంకో బాట పడుతుంది. తొక్కిన నేల గట్టిపడితే వాన ఇంకదు, మట్టిని తోసుకుంటూ కిందికి పోతుంది.

తుంగ, భద్ర పుట్టేది ఈ పార్కులోనే, గంగమూల దగ్గర. రెండూ శివమొగ్గ దగ్గర కూడలి అనే ఊళ్లో కలిసి తుంగభద్రగా మా కర్నూలుకి వస్తాయి. మా ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది ఆ నీళ్లే. కుద్రేముఖ్ ఇనుప ఖనిజం గని మట్టి భద్రలోకి కొట్టుకొస్తోందని ఎంతోమంది ఏళ్ల తరబడి పోరాడితే, సుప్రీంకోర్టు తీర్పుతో 2005 చివరికి ఆ గని ఆగింది. అంత కష్టపడి నిలుపుకున్న కొండ అండీ అది.

హెబ్బాళ_అక్క:
తమ్ముడి మాటే నాదీ. నేను మంగళవారం వెళ్లాను, దారిలో పాతిక మంది కూడా కనపడలేదు. హోంస్టే ఆవిడ బాధ కూడా అదే: శనివారం గది ఖాళీ ఉండదు, మిగతా రోజులు మనిషి రాడు. ఆవిడకి కావలసింది వారం మధ్యలో వచ్చేవాళ్లు. 300 అలాగే ఉంచి, బుక్ చేసి రానివాళ్ల స్లాట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి ఇస్తే చాలు.

మారతహళ్లి_ట్రెకర్:
బాట ఒక్కటే అన్న సంగతి నేను ఆలోచించలేదు. రెట్టింపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెయిటింగ్ లిస్టు మాత్రం ఉండాల్సిందే, దాని మీద అటవీ శాఖకి రాస్తాను. సెలవు దొరికితే అక్టోబరులో ఒక బుధవారం వెళ్తాను. అప్పటికి జలగలు తగ్గుతాయా అక్కా?