ఫైలు పేరే మార్చాలా, మిక్సింగ్‌లో పేరు పెట్టుకుంటే చాలా?

కౌశిక గట్టు (అంబాజీపేట)

గురువులందరికీ నమస్కారం. మాఘమాసం పెళ్లి వీడియో ఒకటి మిక్సింగ్ (ఎడిటింగ్) చేస్తూ పడ్డ టెన్షన్ తర్వాత ఈ ప్రశ్న అడుగుతున్నాను. రెండు సోనీ కెమెరాలు, ఒక గోప్రో. సగం మిక్సింగ్ అయ్యాక మా కుర్రాడు మంచి ఉద్దేశంతోనే హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ కొత్త పేర్లు పెట్టేశాడు. పొద్దున్నే ప్రీమియర్ (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్) తెరిస్తే టైమ్‌లైన్ అంతా ఎరుపే, అంటే ఫైళ్లు దొరకట్లేదని. ప్రాజెక్టు పాత పేరుతో వెతుక్కుంటుంది, ఆ పేరుతో ఫైలు లేదు మరి.

బ్యాకప్ డిస్క్ పెట్టి మళ్లీ లింక్ చేశాం. అక్కడ ఇంకో చిక్కు. రెండు కెమెరాల్లోనూ సి0047 అన్న పేరుతో ఫైలు ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే చోట భోజనాల పందిట్లో బూరెలు వడ్డించే షాట్ వచ్చి కూర్చుంది. కింద ఆడియోలో మాత్రం గట్టిమేళం మోగుతూనే ఉంది. పెళ్లికూతురి అమ్మగారు పక్కనే కూర్చుని చూస్తున్నారు.

అందుకే నా మాట: కెమెరా ఇచ్చిన ఫైలు పేరు జోలికి ఎవరూ వెళ్లకూడదు. ప్రీమియర్‌లో క్లిప్పుకి పేరు మారిస్తే డిస్క్‌లో ఫైలు పేరు మారదు. రిసాల్వ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోనూ ఫైలు పేరు వేరు, క్లిప్పు పేరు వేరు. పేర్లన్నీ అక్కడే పెట్టుకుందాం. మీరేమంటారు?

పాలకొల్లు మిక్సింగ్

నేను ఒప్పుకోనండి. మీ కుర్రాడు పేరు మార్చినందుకు కాదు, సగం పని అయ్యాక మార్చినందుకు వచ్చింది ఈ తిప్పలు. కార్డు కాపీ చేసిన వెంటనే, ప్రాజెక్టు తెరవకముందే మార్చి ఉంటే ఎరుపూ లేదు, బూరెలూ లేవు. రెండు సి0047లు తలపడ్డాయంటే అది పేరు మార్చకపోవడం వల్ల వచ్చిన నష్టమే కదా.

నా అనుభవం చెప్తాను. నాలుగేళ్ల కిందట నేను చేసిన పెళ్లి. మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అప్పగింతల్లో వాళ్ల తాతగారు ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారట, ఫైనల్ వీడియోలో అది లేదు, పాట పెట్టి కట్ చేశాం. తాతగారు పోయారు. ఆ మాట వినాలని ఉంది అంటోంది. ప్రాజెక్టులో నేను అన్నిటికీ చక్కగా పేర్లు పెట్టుకున్నాను. కానీ ప్రాజెక్టు ఉన్న కంప్యూటర్ పోయింది. డిస్క్‌లో మిగిలినవి సి0001, సి0002, సి0003. రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూశాను. దొరికింది. పదకొండు సెకన్లు. "భయపడకు తల్లీ, సాయంత్రానికల్లా పంటు దాటి వచ్చేస్తాను" అంటున్నారాయన. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పిల్లనిచ్చారు, మధ్యలో గోదావరి పంటు (పెద్ద పడవ) మీద దాటాలి.

ఆ పేరు ఫైలు మీదే ఉంటే రెండు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్ లోపల పెట్టిన పేరు ఆ ప్రాజెక్టుతోనే పోతుంది. ఫైలు పేరు ఫైలుతో పాటే తిరుగుతుంది.

కౌశిక గట్టు

అన్నా, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒకటి అడుగుతాను. ట్రెడిషనల్ కెమెరా వాళ్లు (తంతు మొత్తం తీసేవాళ్లు) రికార్డింగ్ ఆపరు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ ఒకే క్లిప్పులో ఉంటాయి. దానికి ఏ పేరు పెడతారు? జీలకర్ర అని పెడితే తలంబ్రాలు వెతికేవాడికి దొరకదు. అదే సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎక్కడికక్కడ మార్కర్ (గుర్తు) పెట్టచ్చు, ముక్కకి ముక్క సబ్‌క్లిప్ చేసి పేరు పెట్టచ్చు.

ఇంకోటి. సోనీ ప్రతి ఎంపీ4 (వీడియో) ఫైలు పక్కన అదే నంబరుతో దాని వివరాలుండే ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు పెడుతుంది. కెమెరాలోనే ప్రాక్సీ (అదే వీడియోకి చిన్న సైజు నకలు) తీస్తే దానికీ అదే నంబరు. ఒకదాని పేరు మార్చి రెండోది వదిలేస్తే జత విడిపోతుంది.

లంక డ్రోన్

ఏవండీ, మధ్యలో వస్తున్నాను. నేను ఏటా కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం తీస్తాను. పదకొండు ఊళ్ల రుద్రులు, పదకొండు ప్రభలు (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు కట్టడాలు). గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటేటప్పుడు కాలువలో ఒక గోప్రో, గట్టు మీద ఒక కెమెరా, పైన డ్రోన్. ప్రభ నీళ్లలోకి దిగిందంటే ఇక ఆగదు, మీకు తెలియనిదేముంది. గోప్రో పొడవాటి రికార్డింగ్‌ని ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క జీఎక్స్010123, రెండోది జీఎక్స్020123. ముక్క నంబరు ముందు, క్లిప్పు నంబరు వెనక. పేరు వరసలో చూస్తే అన్ని క్లిప్పుల మొదటి ముక్కలూ ముందు వస్తాయి, రెండో ముక్కలన్నీ చివరికి పోతాయి. ప్రభ కాలువలో దిగడం ఒక చోట, ఒడ్డెక్కడం ఇంకో చోట. నిజంగా అయోమయం.

నేను చేసేది ఇది. కార్డుని ఉన్నది ఉన్నట్టు ఒక డిస్క్‌లో పడేస్తాను, దాన్ని మళ్లీ ముట్టుకోను. రెండో డిస్క్ కాపీలో పాత పేరు చెరపకుండా ముందు తేదీ, కెమెరా అక్షరం తగిలిస్తాను. 2025-01-15_గో_జీఎక్స్010123 అన్నట్టు. ఎక్స్ఎంఎల్‌కీ, ప్రాక్సీకీ అదే ముందుమాట తగిలిస్తే జత కుదురుతుంది. సంవత్సరం ముందు రాస్తే తేదీలు వాటంతట అవే వరసలో పడతాయి. ఎప్పుడైనా లింక్ తెగినా చివర అసలు నంబరు ఉంటుంది కాబట్టి మొదటి డిస్క్‌లో పట్టుకోవచ్చు. అప్పగింతలు, తలంబ్రాలు లాంటి మాటలు మాత్రం ఫైలు మీద రాయను.

భీమవరం కుర్రోడు

అన్నయ్యలూ, ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు ఒప్పుకునే చోట పనిచేస్తున్నాను. క్లిప్పు క్లిప్పుకీ పేరు పెట్టే టైమ్ ఎక్కడిది? కలర్ లేబుల్ పెట్టి సరిపెడుతున్నాం. పైగా ఒకరు "jeelakarra", ఒకరు "jilakara", ఇంకొకరు "జేబీ" అని కొడతారు. వెతికితే సగం దొరకవు.

పాలకొల్లు మిక్సింగ్

తమ్ముడూ, అన్నిటికీ అక్కర్లేదు. భోజనాల క్లిప్పులకి ఎవడు పేరు పెడతాడు? కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అరుంధతి, అప్పగింతలు, ఇంకా పెద్దవాళ్లు మాట్లాడిన ప్రతి క్లిప్పు. వీటికి పెట్టు చాలు. స్పెల్లింగ్ గొడవకి ఒకటే మార్గం, తెలుగులోనే రాయండి. విండోస్ తెలుగు పేరు తీసుకుంటుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టి పొడుగు పేర్లు మాత్రం వద్దు, దారి మొత్తం 260 అక్షరాలు దాటితే విండోస్ మామూలుగా ఒప్పుకోదు.

డ్రోన్ గారి పద్ధతి నాకు నచ్చింది. కానీ తాతగారి క్లిప్పుకి తేదీ, కెమెరా అక్షరం చాలవు. "అప్పగింతలు_తాతగారు" అని చివర ఉండాల్సిందే. అది మాత్రం వదలను.

కౌశిక గట్టు

తేదీ, కెమెరా అక్షరం కాపీ చేసేటప్పుడే తగిలించడం నాకూ సమ్మతమే. ఎవరూ ముట్టుకోకూడదన్న నా మాట అక్కడ వెనక్కి తీసుకుంటున్నాను, సి0047 గొడవ అక్కడితో తీరిపోతుంది. ఘట్టం పేర్లు మాత్రం ఇప్పటికీ ఫైలు మీద వద్దనే అంటాను. మిక్సింగ్ మొదలయ్యాక ఇంకో పేరు తోస్తుంది, ఎవరో ఒకరు మళ్లీ మార్చేస్తారు, మళ్లీ ఎరుపు. బదులుగా ఆ పెళ్లి ఫోల్డర్‌లోనే మామూలు నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి పెడతాను. ఏ క్లిప్పులో, ఎన్నో నిమిషంలో ఏముందో అందులో రాస్తాను. ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా అది తెరుచుకుంటుంది. పొడవాటి క్లిప్పులకీ పనికొస్తుంది.

పాలకొల్లు మిక్సింగ్

ఆ నోట్‌ప్యాడ్ పద్ధతి బాగుంది, నేనూ మొదలుపెడతాను. ఒక్కటి కలుపుకోండి. "తాతగారు" అని రాస్తే ఏ వైపు తాతగారో నాలుగేళ్ల తర్వాత మనకి తెలియదు. పెళ్లిరోజే ఆడపిల్లవారి వైపు ఒక పెద్దావిడని, మగపెళ్లివారి వైపు ఒక పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు ఎవరో అడిగి పేర్లు రాసుకోండి. విసుక్కోకుండా అందరి పేర్లూ చెప్తారు.