ఒంటరిగా అడవికి పోయి తప్పిపోతే వెతికిన ఖర్చు ఎవరు కట్టాలి?

అచ్చంపేట అన్న:
సోమవారం నుంచి మా దగ్గర ఇదే ముచ్చట. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. నల్లగొండ దిక్కు అబ్బాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం పొద్దున శ్రీశైలం రోడ్డు పక్కన బైకు పెట్టి ఒక్కడే అడవిలోకి పోయాడు. సోమవారం అమ్మానాన్నలు వచ్చారు. ఇవాళ బుధవారం. ఫారెస్ట్ వాళ్ళు, పోలీసులు, వాచర్లు, పెంటల (అడవిలోని గూడేల) నుంచి చెంచులు, మూడు రోజులుగా పొద్దు గుంకేదాకా తిరుగుతూనే ఉన్నారు. పర్మిషన్ లేదు, గైడ్ లేడు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంటే వాళ్ళ కాలనీ పార్కు కాదు కదా, 2,600 చదరపు కిలోమీటర్ల పైన ఉన్న అడవి. నా ప్రశ్న ఒకటే. సొంత సరదాకు పోయి తప్పిపోతే వెతికిన ఖర్చు ఇంటివాళ్ళ దగ్గర వసూలు చేయాలా వద్దా? తిట్టుకోకుండా చెప్పండి.

సూర్యాపేట చాయ్:
చేయాలి. కేసు కూడా పెట్టాలి.

నల్లగొండ బైకర్:
మనిషి ఇంకా దొరకలేదు, అప్పుడే బిల్లు రాస్తున్నావా అన్నా? వాళ్ళమ్మ మూడు రోజుల నుంచి అడవి మొదట్లో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే కూర్చుంది. ఇంకో మాట, అతను సరదాకు పోయే టైపు కాదు, హిమాలయాల్లో రెండు ట్రెక్కులు చేశాడు, బ్యాగు సర్దడంలో నాకంటే జాగ్రత్త. ఖర్చు కట్టాలి, కేసు పెడతాం అంటే ఏమవుతుందో తెలుసా? తప్పిపోయినవాడు ఫోన్ చేయడానికి భయపడతాడు, ఇంటివాళ్ళు ఒక రోజు ఆగి చూద్దాం అనుకుంటారు. ఆ ఒక్క రోజే ప్రాణం. పర్వతాల్లో వెతికే రెస్క్యూ టీములే చాలా చోట్ల డబ్బు వసూలు వద్దని మొత్తుకునేది అందుకే.

డల్లాస్ తెలంగాణ:
ఇక్కడ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో నిర్లక్ష్యంగా కొండ ఎక్కి ఇరుక్కుంటే బిల్లు పంపిస్తారు. ముందే 25 డాలర్లు పెట్టి ఒక కార్డు కొనుక్కుంటే బిల్లు ఉండదు. మన దగ్గర కూడా అలాంటిది పెడితే పోలా?

అచ్చంపేట అన్న:
మన దగ్గర కార్డు కొనేవాడు ముందు పర్మిషనే తీసుకుంటాడు కదా అన్నా.

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
ఖర్చు సంగతి తర్వాత. ఒక చిన్న విషయం అడుగుతాను. ఆ అబ్బాయి శనివారం ఉదయం 6:20కి ఇంటికి పంపిన ఫోటో అన్ని గ్రూపుల్లో తిరుగుతోంది. కింద లొద్దిలో (లోయలో) మంచు, ముందు పెద్ద బండ, ఆకాశం ఎర్రగా ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. 6కు గేటు తీస్తే, 20 నిమిషాల్లో బైకు నడిపి, పక్కన పెట్టి, అడవిలో నడిచి, గుట్ట అంచుకు చేరి ఫోటో తీసి పంపాడా? గేటు రిజిస్టర్ ఎవరైనా చూశారా?

పాలమూరు పిల్ల:
సార్, ఇప్పుడు ఆ ఇరవై నిమిషాల లెక్క ఎందుకండీ 🙏

నల్లగొండ బైకర్:
నిజమే. ఫోటో పాతది అయి ఉండొచ్చు. అసలు విషయం వదిలేసి టైం పట్టుకున్నారు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
ఫోటో పాతది అయితే ఎప్పటిది? మాఘం పోయాక గానీ మన అడవుల్లో ఇంతగా ఆకు రాలదు. అందులో చెట్లు బోడిగా ఉన్నాయి. ముప్పై రెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను, కుదరని లెక్క చూస్తే నిద్ర పట్టదు.

కల్వకుర్తి డ్రోన్:
నేను పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతా, కాబట్టి కొంచెం తెలుసు. డ్రోన్ ఎగరేస్తే దొరుకుతాడు అనుకోకండి. ఇప్పుడు ఆకు రాలింది కాబట్టి పై నుంచి నేల కనిపిస్తుంది, అంతవరకు మంచిదే. కానీ వేడిని పట్టే కెమెరా మధ్యాహ్నం పనికిరాదు. బండలన్నీ ఒంటి వేడి కంటే ఎక్కువ కాలి ఉంటాయి, మనిషీ బండా ఒకే రంగులో కనిపిస్తారు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా ఎగరేయాలి. వీళ్ళేమో పదకొండింటికి మీడియా వచ్చాక ఎగరేస్తున్నారు.

అచ్చంపేట అన్న:
బైకర్ తమ్ముడూ, నువ్వు ప్రాణం అన్నావు కాబట్టి చెబుతా. 2011లో మా మేనమామ ఇదే అడవిలో పసులను తోలుకుపోయి తిరిగి రాలేదు. పసులు వచ్చాయి, మనిషి రాలేదు. మా అమ్మ, నేను స్టేషన్‌కు పోతే, తాగి ఎక్కడో పడి ఉంటాడు, రేపటిదాకా చూసి రండి అన్నారు. మర్నాడు పోతే సార్ లేడు. మూడో రోజు కాగితం రాసుకున్నారు. డ్రోన్ లేదు, కుక్క లేదు, టీవీ లేదు. మేమే పదకొండు మందిమి సద్ది కట్టుకుని తిరిగాం. పంతొమ్మిదో రోజు ఒక వాగులో టైరు చెప్పు ఒకటి దొరికింది. దాని పట్టీ తెగితే ఎర్ర కరెంటు వైరుతో కట్టుకున్నాడు, ఆ ముడి చూసి మా అమ్మ గుర్తుపట్టింది. చెప్పు ఒక్కటే. అందుకే నాకు ఈ హడావిడి చూస్తే కడుపు మండుతుంది. ఆయన సరదాకు పోలేదు.

సూర్యాపేట చాయ్:
😔

పాలమూరు పిల్ల:
అన్నా, చాలా బాధగా ఉంది. కానీ ఆ రోజు వెతకలేదని ఈ రోజు వెతికినందుకు బిల్లు వేయడం ఏం న్యాయం? మనిషి కనబడట్లేదంటే 24 గంటలు ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. పోగానే రాసుకోవాలి. ఆ స్టేషన్ వాళ్ళను అడగాలి గానీ ఈ అబ్బాయి వాళ్ళమ్మను కాదు.
2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ హెలికాప్టర్ కృష్ణకు అవతలి నల్లమలలో మాయమైతే విమానాలు, ఉపగ్రహాలు అన్నీ దింపారు. అయినా పావురాలగుట్ట మీద దొరికేసరికి మర్నాడైంది. మొన్న 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది ఇరుక్కుంటే వారాల తరబడి వెతికారు, కేరళ నుంచి కుక్కలను తెచ్చారు. వాళ్ళ ఇళ్ళకు ఎవరైనా బిల్లు పంపారా?

అచ్చంపేట అన్న:
వాళ్ళు పనికి పోయారమ్మా. ఇతను ఫోటోలకు పోయాడు.

నల్లగొండ బైకర్:
ఫోటోలకు పోతే చావాలా? నీ మామ గురించి నాకూ బాధే కానీ ఆ కోపం వీడి మీద తీర్చుకుంటున్నావ్. మీ ఊరివాళ్ళు రోజూ అడవిలోకి పోతారు, వాళ్ళ దగ్గర ఏ పర్మిషన్ ఉంది?

పెంట టీచరమ్మ:
ఇందాకటి నుంచి చదువుతూ ఊరుకున్నా, ఈ ఒక్క మాటకు రాయాల్సి వచ్చింది. తమ్ముడూ, చెంచులు అడవిలోకి పోరు, అడవిలో ఉంటారు. తేనెకు, గడ్డలకు, ఇప్పపువ్వుకు పోవడం 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకు ఇచ్చిన హక్కు. అయినా గేటు దగ్గర వాళ్ళ సంచులు దులుపుతారు. పులుల కోసం ఊళ్ళు ఖాళీ చేయండి, కుటుంబానికి 15 లక్షలు ఇస్తాం అంటారు. మనిషి తప్పిపోతే మాత్రం పొద్దున్నే జీపు పెంటకు వస్తుంది. అప్పుడు వాళ్ళే కావాలి.
మా బడిలో ఒక పిల్లవాడి తండ్రి మూడు రోజులుగా వెతుకుతున్నాడు. ఈ మూడు రోజుల కూలీ ఎవరు ఇస్తారో ఎవరూ చెప్పలేదు. ఖర్చు ఖర్చు అని రాస్తున్నారు కదా అందరూ, ఆ లెక్కలో ఇది ఉందా?

అచ్చంపేట అన్న:
టీచరమ్మా, నేను చెప్పాలనుకున్నది అదే, చెప్పడం రాలేదు. డబ్బు ప్రభుత్వానికి కాదు, వాళ్ళకు రావాలి.

పాలమూరు పిల్ల:
అయితే అలా అడుగుదాం అన్నా. ఇంటివాళ్ళకు బిల్లు ఎందుకు?

పెంట టీచరమ్మ:
ఇంకొకటి. ఆ పిల్లవాడి తండ్రి నిన్న ఒక లొద్దిలో, బైకు దొరికిన చోటుకు చాలా దూరంలో, ఎండిన వాగు ఇసుకలో నీళ్ళ కోసం తోడిన చెలిమె చూశాడట. జానెడు లోతు, అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. చేత్తో తోడిన చెలిమె అంచు అలా ఉండదు, స్టీలు సీసా మూతతోనో గిన్నెతోనో తోడినట్టు ఉంది అన్నాడు. అడుగున ఇసుక తడిగా ఉంది. మా వాళ్ళు ఎవరూ అక్కడ తోడరు, నాలుగడుగులు పైకి పోతే బండ కింద ఊట ఉంటుంది అని కూడా అన్నాడు. పెద్దసార్లు వినలేదు. శనివారం పొద్దున బయల్దేరినవాడు, ఎక్కడా ఆగకుండా ఫోటోలు తీసుకుంటూ పోయినవాడు, ఫోన్ ఆగిపోయిన టైముకు అంత దూరం చేరలేడు, తేనెకు వచ్చినవాళ్ళు తోడి ఉంటారు అని రోడ్డు దగ్గరి గుట్టల్లోనే మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నారు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
అమ్మా, ఈ మాట కోసమే చూస్తున్నా. శనివారం ఉదయం కాకుండా శుక్రవారం రాత్రే లోపలికి పోయి ఉంటే? 6:20కి గుట్ట అంచున ఉండటం కుదురుతుంది. అంత దూరమూ కుదురుతుంది. దారి తప్పినవాడు వాగు పట్టుకుని కిందికే పోతాడు, నీళ్ళు ఉంటాయని, వాగు ఎక్కడో ఊరికి పోతుందని. ఇక్కడి వాగులు ఊరికి పోవు, కృష్ణ లోయలోకి పోతాయి. ఇంకా లోపలికే పోతాడు. మళ్ళీ అడుగుతున్నా. రిజిస్టర్‌లో శుక్రవారం రాత్రి ఉందా?

సూర్యాపేట చాయ్:
సార్ రిజిస్టర్ వదలరు 😂

నల్లగొండ బైకర్:
సార్, దయచేసి ఆపండి. వాళ్ళ అమ్మానాన్నలే శనివారం అన్నారు కదా.

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
వాళ్ళు నల్లగొండలో ఉంటారు. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. వాళ్ళకు శనివారం అని చెప్పింది ఎవరు?

కల్వకుర్తి డ్రోన్:
బైకర్ అన్నా, నువ్వు ఇందాక "వీడు" అన్నావ్, బ్యాగు ఎలా సర్దుతాడో కూడా చెప్పావ్. నీకు తెలిసినవాడా?

అచ్చంపేట అన్న:
బైకర్, ఉన్నావా?

అచ్చంపేట అన్న:
ఆన్‌లైన్‌లోనే కనిపిస్తున్నావ్. జవాబు చెప్పు.

నల్లగొండ బైకర్:
చెప్పింది నేనే.
శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు గేటు దాటాడు. శ్రీశైలం పోతున్నానని చెప్పాడు, ఎవరూ ఏమీ అనలేదు. అడవిలో టెంటు వేసుకుని పడుకుంటానని నాకు మెసేజ్ పెట్టాడు. నేనూ పోవాల్సింది, ఆఖరి నిమిషంలో ఆఫీసులో పని పడి మానేశా. టెంటులో ఉండే రెండో స్లీపింగ్ బ్యాగు నా గదిలోనే ఉంది. టైగర్ రిజర్వ్‌లో రాత్రి ఉండటం అంటే వన్యప్రాణి చట్టం కింద పెద్ద కేసు అవుతుంది, ఉద్యోగం పోతుంది అనుకున్నా. సోమవారం వరకు వాడే వచ్చేస్తాడు అనుకున్నా. రాలేదు. అప్పటికే శనివారం అని చెప్పేశా. ఇక్కడ చూస్తే కేసు, బిల్లు, వసూలు. ఎలా మార్చి చెప్పాలో అర్థం కాలేదు. టెన్షన్‌తో మూడు రోజులుగా అన్నం పోవట్లేదు.

అచ్చంపేట అన్న:
నీకు అన్నం పోవట్లేదా? మూడు రోజులు! నలభై మంది ఎండలో తప్పు గుట్టలు తిరిగారు, ఒక వాచర్‌కు ఎలుగు ఎదురైతే చెట్టెక్కి బతికాడు. చెలిమె చూసినాయన మాట కొట్టేశారు, నువ్వు చెప్పిన శనివారం వల్ల!

పాలమూరు పిల్ల:
అన్నా, కోపం తర్వాత. అతను భయపడింది దేనికి? మొదటి పోస్టు ఎవరిది?

అచ్చంపేట అన్న:
నేను పోస్టు పెట్టింది ఇవాళ. అతను అబద్ధం చెప్పింది సోమవారం. నా మీద పెట్టకు.

పాలమూరు పిల్ల:
నీ పోస్టు కాదు, ఆ ఆలోచన. కేసు భయం లేకపోతే సోమవారమే చెప్పేవాడు.

అచ్చంపేట అన్న:
భయం లేకపోతే రేపు యాభై మంది టెంట్లు పట్టుకుని వస్తారు. 2022లో కేరళలో ఒక పిల్లాడు కొండ చీలికలో రెండు రోజులు ఇరుక్కుంటే సైన్యం దింపింది. మొదట కేసు వద్దన్నారు. తర్వాత ఇంకొందరు అదే కొండ ఎక్కడం మొదలుపెడితే పెట్టాల్సి వచ్చింది.

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
మీ ఇద్దరూ రేపు కొట్లాడుకోండి. బాబూ బైకర్, ఇప్పుడే 100కు ఫోన్ చెయ్యి. ఎనిమిదిన్నర, టెంటు రంగు, సీసా, చెప్పులా బూట్లా, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, అన్నీ. నీ మీద ఏ కేసు పెడతారో నాకు తెలియదు, పెడితే నేను వచ్చి స్టేషన్‌లో కూర్చుంటా.

పెంట టీచరమ్మ:
సీసా స్టీలుదేనా?

నల్లగొండ బైకర్:
స్టీలుదే. లీటరుది. మూత పెద్దగా ఉంటుంది, దాంతోనే టీ తాగుతాడు. 100కు చేశా, లైన్‌లో ఉన్నా.

పెంట టీచరమ్మ:
చెలిమె చూసినాయన ఇక్కడే మా బడి అరుగు మీద ఉన్నాడు. చెప్పాను. ఏమీ అనలేదు, లేచి టార్చి తెచ్చుకోవడానికి పోయాడు. రాత్రి ఆ లొద్దిలోకి వద్దు, ఎలుగులు ఉంటాయి, నాలుగింటికి పోదాం అంటున్నారు మిగతావాళ్ళు.

కల్వకుర్తి డ్రోన్:
వేడి కెమెరా డ్రోన్ ఉన్న ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు. ఇద్దరం ఇప్పుడే బయల్దేరితే రెండింటికల్లా మన్ననూరులో ఉంటాం. లోపలికి తీసుకుపోవడానికి సార్లను ఎవరైనా ఒప్పించండి. బ్యాటరీలు ఆరే ఉన్నాయి, కాబట్టి తెల్లవారకముందే, ఆ లొద్ది ఒక్కటే.

అచ్చంపేట అన్న:
నేను గేటు దగ్గర ఉంటా, మాట్లాడతా. బైకర్, నువ్వూ రా. వాళ్ళమ్మ దగ్గర నువ్వే చెప్పాలి, నేను చెప్పను. సద్ది కట్టించుకుని రా, పది మందికి.

నల్లగొండ బైకర్:
వస్తున్నా అన్నా.

మిర్యాలగూడ కింగ్:
ఖర్చు మొత్తం వసూలు చేయాల్సిందే. చట్టం అందరికీ ఒకటే. నా ఓటు దానికే 👍

రిటైర్డ్ హెడ్మాస్టర్, దేవరకొండ:
పైవి చదివి రాయి నాయనా.