పట్టు జాకెట్టు గుడ్డను ఎంబ్రాయిడరీ ఫ్రేములో ఎంత బిగించాలి?

ప్రశ్న: కుట్టుపెట్టె

ఇంట్లో వాడే ఒంటి సూది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ మీద జాకెట్టు చేతులకు, వీపు భాగానికి డిజైన్లు వేస్తున్నాను. నూలు గుడ్డ మీద పని శుభ్రంగానే వస్తున్నది గాని, పట్టు గుడ్డను ఫ్రేము నుంచి తీయగానే నెమలి బొమ్మ చుట్టూ సన్నని ముడతలు తేలుతున్నాయి, ఇస్త్రీ చేసినా పోవడం లేదు. స్క్రూ బిగించిన తర్వాత గుడ్డను నాలుగు వైపులా లాగి, వేలితో కొడితే డప్పులా మోగేటంత బిగువుగా ఉంచుతున్నాను. ఇంకా బిగించాలా, లేక లోపం డిజైన్‌లో ఉన్నదా? అంచున పడే రింగు గుర్తులకు ఉపాయం ఉన్నా దయచేసి తెలుపగలరు.

జవాబు: సూదిమొన

లోపం చాలావరకు ఆ లాగడంలోనే ఉన్నదండి. సాగదీసిన గుడ్డ మీద కుట్లు పడితే, ఫ్రేము విప్పగానే చుట్టుపక్కల గుడ్డ తన అసలు కొలతకు వెనక్కి వస్తుంది గాని, కుట్ల కింద చిక్కుకున్న భాగం రాలేదు. ఆ తేడాయే ముడతగా కనిపిస్తుంది, అందుకే ఇస్త్రీకి లొంగదు.

బయటి రింగును బల్ల మీద పెట్టి, దాని మీద పేపరు (కుట్లు పడేటప్పుడు గుడ్డ కదలకుండా వెనుక ఆసరాగా వేసే స్టెబిలైజర్), ఆపై గుడ్డ పరచి, లోపలి రింగును కొద్దిపాటి ఒత్తిడితో దిగేటట్లు స్క్రూను ముందే సరిచేసుకోండి. రింగు దిగిన తర్వాత స్క్రూను మరికొంచెం తిప్పవచ్చు గాని గుడ్డను మాత్రం లాగకూడదు. ఎక్కడైనా వదులు కనిపిస్తే విప్పి మళ్ళీ పెట్టడమే మేలు. పడుగు, పేక దారాలు రింగు అంచు దగ్గర వంపు తిరగకుండా తిన్నగా ఉన్నాయో లేదో చూడండి, నా దృష్టిలో డప్పు మోతకన్నా నమ్మదగిన పరీక్ష అదే.

జవాబు: జరీఅంచు

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చుతాను. బిగువు అక్కర్లేదని కాదు, అది ఉండవలసింది ప్రధానంగా పేపరులో. పలుచని పట్టుకు వెనుక మెత్తని ఫ్యూజింగ్‌ను (ఇస్త్రీ వేడికి అతుక్కునే లైనింగు గుడ్డను) తక్కువ వేడితో అతికించి, దాని కింద కట్ అవే పేపరు (కుట్టాక మిగులును కత్తెరతో కత్తిరించే రకం) వేస్తే గుడ్డ, పేపరు ఒకే పొరలా కదులుతాయి. నిండు కుట్లున్న నెమలికి, చేత్తో చింపి తీసే టియర్ అవే పేపరు ఒక్కటే చాలదు, సూది పోట్లకు అది మధ్యలోనే చిరిగిపోతుంది. పేపరు ఫ్రేముకన్నా చిన్నదైతే రింగు దానిని పట్టుకోలేదు కనుక, నాలుగు వైపులా బయటికి వచ్చేలా కత్తిరించండి.

రింగు గుర్తులు తగ్గాలంటే లోపలి రింగుకు నూలు టేపు చుట్టండి, పట్టు గుడ్డ జారడం కూడా తగ్గుతుంది. పని ఆపినప్పుడు గుడ్డను రాత్రంతా ఫ్రేములో ఉంచవద్దు. వెల్వెట్‌ను మాత్రం అసలు రింగులో నొక్కకూడదు. పేపరును మాత్రమే బిగించి, పైన వెల్వెట్‌ను జిగురు స్ప్రేతో నిలిపి, చుట్టూ పొడవాటి టాకాలు వేసి కుట్టాలి.

ప్రశ్న: కుట్టుపెట్టె

ఇద్దరికీ ధన్యవాదాలు. చేయి ముక్కను ముందే కత్తిరించడం వల్ల రింగుకు ఒక వైపు గుడ్డ అందడం లేదు, దానికేం చేయాలి?

జవాబు: సూదిమొన

అందని వైపున ఏదైనా పాత నూలు గుడ్డ పీలికను పొడవాటి కుట్టుతో అతికించి ఫ్రేములో పెట్టండి, తర్వాత విప్పేయవచ్చు. ఇకమీదట మాత్రం కొలతను సుద్దతో గీసుకుని, డిజైన్ పూర్తయ్యాకే కత్తిరించండి, ఎందుకంటే కుట్లు పడిన కొద్దీ గుడ్డ కాస్త ముడుచుకుంటుంది. ఫ్రేము విషయంలో పొదుపే మంచిది: డిజైన్ 100×100 మి.మీ. ఫ్రేములో పడుతున్నప్పుడు 130×180 ఫ్రేము వాడితే మధ్యలో గుడ్డ వదులయ్యే అవకాశం ఎక్కువ.

జవాబు: జరీఅంచు

ఇవన్నీ సరిచేశాక కూడా ముడత వస్తే అప్పుడు డిజైన్‌ను అనుమానించవచ్చు. అదే డిజైన్‌ను అదే రకం పట్టు ముక్క మీద, అదే పేపరుతో ఒకసారి వేసి చూడండి. నిండు కుట్ల చోట మాత్రమే ముడత మిగిలితే కుట్ల సాంద్రత తగ్గించి, కింద పరుపు కుట్లు (పై కుట్లకు ఆధారంగా ముందుగా పడే పలుచని కుట్లు) ఉన్నాయో లేదో చూసుకోవాలి.