గోర్యో రాకుమారుడు ఉయ్‌చన్ వంశవృక్షం: చిక్కుముళ్లు ఎక్కడ?

ప్రశ్న: తుమ్మెద

కొరియా గోర్యో రాజు మున్‌జోంగ్ నాలుగో కొడుకు, భిక్షువైన ఉయ్‌చన్ (1055–1101) వంశవృక్షం తెలుగులో గీస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయింది.

తాత హ్యన్‌జోంగ్‌కి తండ్రి పేరు వాంగ్ ఉక్, తల్లి తండ్రి పేరూ వాంగ్ ఉక్కే. ఒకే మనిషా? ఉయ్‌చన్ తల్లి ఇన్యే రాణి అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఒకే రాజుకి భార్యలని ఉంది, నిజమేనా? ఉయ్‌చన్ పుట్టిన తేదీ ఒకచోట సెప్టెంబరు 28, ఇంకోచోట అక్టోబరు 20. ఏది వేయాలి?

జవాబు: రాతిపలక

ఇద్దరు ఉక్‌లు వేరు. చీనా లిపిలో రెండు అక్షరాలు (郁, 旭), కొరియన్ ఉచ్చారణలో ఒకటే, తెలుగులోకి వచ్చేసరికి అసలు తేడా మిగలదు. అందుకే బిరుదు తప్పకుండా చేర్చండి: తండ్రి అన్‌జోంగ్ ఉక్, తల్లి తండ్రి తేజోంగ్ ఉక్. ఇద్దరూ రాజ్యస్థాపకుడు తేజో వాంగ్ గన్ కొడుకులే, తల్లులు వేరు. తేజోంగ్ ఉక్ కూతురు హన్‌జంగ్, భర్త పోయాక చిన్నాన్న అన్‌జోంగ్ ఉక్ వల్ల హ్యన్‌జోంగ్‌ని కన్నది.

దీంతో చెట్టు మామూలు చెట్టులా ఉండదు. అన్‌జోంగ్ వైపు నుంచి ఎక్కితే తేజో ఉయ్‌చన్‌కి తాతకు తాత. హన్‌జంగ్ వైపు నుంచి ఎక్కితే ఇంకో తరం పైకి పోతాడు. తేజో పెట్టె ఒక్కటే ఉంచి రెండు గీతలు దించండి. రెండు పెట్టెలు వేస్తే చూసేవాళ్లు ఇద్దరు తేజోలనుకుంటారు.

ఉయ్‌చన్ అన్నదమ్ముల్లోనూ ఇదే తంటా. సున్‌జోంగ్, సన్‌జోంగ్ ఇద్దరూ రాజులే, ఒక్క కొమ్ము తేడాతో మనుషులు మారిపోతారు. వాంగ్ సు పేరుతో ఇద్దరున్నారు: ఇన్యే కొడుకు సాంగన్ ప్రభువు, ఆమె చెల్లెలి కొడుకు బుయో ప్రభువు.

జవాబు: నూలుపోగు

అక్కచెల్లెళ్ల సంగతి పొరపాటు కాదు. ఇంజు (నేటి ఇంచన్) యి వంశపు యి జాయన్ (1003–1061) ముగ్గురు కూతుళ్లనీ మున్‌జోంగ్‌కే ఇచ్చాడు: ఇన్యే, ఇన్‌గ్యంగ్, ఇన్‌జల్. ఇన్యేకి పదిమంది కొడుకులు, ఇన్‌గ్యంగ్‌కి ముగ్గురు. అంటే ఉయ్‌చన్‌కి పినతల్లులే సవతి తల్లులు. (ఇంటిపేరు ‘ఈ’ అని రాయకండి, ‘ఈ జాయన్’ అంటే ‘ఈ మనిషి’ అన్నట్టు చదువుతారు. ‘యి’ మేలు.)

అంతకుముందు హ్యన్‌జోంగ్ కూడా ఇంతే, కిమ్ ఉన్‌బు కూతుళ్లు ముగ్గుర్ని చేసుకున్నాడు. వాళ్లలో వన్‌హ్యే మున్‌జోంగ్ తల్లి. కిమ్ ఉన్‌బు భార్య యి వంశపు ఆడపడుచు, జాయన్‌కి సొంత మేనత్త. కాబట్టి జాయన్ వన్‌హ్యేకి మేనమామ కొడుకు. అమ్మకు బావైనవాడు మనకు నాన్న వరుస, అతని కూతురు చెల్లెలి వరుస. మన లెక్కన మున్‌జోంగ్ పెళ్లి వరుస తప్పిన పెళ్లి! అక్కడి రాజకుటుంబానికి ఈ పట్టింపు లేదు. మున్‌జోంగ్ మొదటి రాణి ఇన్‌ప్యంగ్ సాక్షాత్తూ హ్యన్‌జోంగ్ ఇంకో భార్యకు పుట్టిన కూతురే. ఆమె తల్లి ఇంటిపేరు కిమ్ వాడింది, అందుకే చాలామంది ఆమెను బయటి పిల్ల అనుకుని గీసేస్తారు.

మనకు తెలిసిన మేనరికం తర్వాతి తరంలో కనిపిస్తుంది. ఉయ్‌చన్ అన్న సన్‌జోంగ్ భార్యల్లో ఇద్దరు మేనమామల కూతుళ్లు. వాళ్లలో ఒకరైన వన్‌సిన్‌కి అన్న యి జాయి 1095లో తన మేనల్లుణ్ణి గద్దె ఎక్కించబోయి హతమయ్యాడు. అతన్ని తుదముట్టించి రాజైన సుక్‌జోంగ్ కూడా ఉయ్‌చన్ అన్నే. చంపినవాడికి చచ్చినవాడు మేనమామ కొడుకు. ఆ గీత తప్పక చూపించండి, గొడవంతా అక్కడే ఉంది.

జవాబు: తిథివారం

తేదీ: పంచాంగం ప్రకారం పుట్టింది తొమ్మిదో నెల 28, పోయింది పదో నెల 5. చాంద్రమాన తొమ్మిదో నెలని సెప్టెంబరు అనుకుని రాసేయడంతో వచ్చిన తప్పది. జూలియన్ (పాత యూరప్ క్యాలెండర్) లెక్కలో 1055 అక్టోబరు 20, 1101 అక్టోబరు 28. వయసు 47 అని ఉంటుంది, అది పుట్టగానే ఒకటి లెక్కించే పద్ధతి. మన లెక్కలో 46.

పేరు విషయం కూడా చూడండి. అసలు పేరు వాంగ్ హు. ఆ అక్షరమే చీనా సోంగ్ వంశపు చక్రవర్తి జెజోంగ్ పేరులోనూ ఉండడంతో దాన్ని పలకకూడదు, అందుకే ఉయ్‌చన్ అనే రెండో పేరే నిలిచింది.

తుమ్మెద

రెండు ఉక్‌లూ విడదీశాను, తేదీలు మార్చాను. ఇంకొకటి: అక్కడి లెక్కలో పదకొండేళ్లకే సన్యాసం ఇప్పించడం వారసత్వ పోటీ తప్పించడానికేనా?

జవాబు: నూలుపోగు

అంత సూటిగా అనలేం. 1065 నాటికి పైన ముగ్గురన్నలున్నారు, గద్దె అతని దాకా రావడం దూరపు మాట. తమ్ముడు తేంగ్ కూడా భిక్షువయ్యాడు. ముగ్గురు కొడుకులున్న ఇంట్లో ఒకణ్ణి భిక్షువుగా పంపవచ్చని 1059లో మున్‌జోంగే ఆజ్ఞ ఇచ్చాడు. నాకు ముఖ్యంగా తోచేది మఠాల లెక్క. యి జాయన్ కొడుకు సోహ్యన్, అంటే ఉయ్‌చన్ మేనమామ, బప్సాంగ్ అనే బౌద్ధ శాఖలో పెద్ద భిక్షువు. ఉయ్‌చన్ చేరింది హ్వామ్ శాఖ, యంగ్‌తోంగ్ విహారంలో నన్వన్ దగ్గర. తల్లి వైపు ఒక శాఖ, రాజు వైపు ఇంకొకటి. తేంగ్ మాత్రం మేనమామ దగ్గరే శిష్యుడయ్యాడు.

అందుకే రక్తసంబంధాలకు నిండు గీత, గురుశిష్యులకు చుక్కల గీత వాడండి. లేకపోతే సోహ్యన్‌ని ఎక్కడ పెట్టాలో తేలదు.

జవాబు: రాతిపలక

చుక్కల గీతలో హాంగ్‌జౌ గురువు జింగ్‌యువాన్‌ని మరవకండి. రాజైన అన్న సన్‌జోంగ్ వద్దన్నా, 1085లో ఉయ్‌చన్ వర్తకుల ఓడెక్కి గుట్టుగా సోంగ్ వెళ్లి ఆయన దగ్గర చదువుకున్నాడు. తల్లి బెంగతో కబురు పెట్టించగా 1086లో 3,000కి పైగా సంపుటాలతో తిరిగొచ్చాడు. 1090లో వేసిన గ్రంథాల పట్టీలో 1,010 శీర్షికలున్నాయి.

యంగ్‌తోంగ్ విహారంలోని ఉయ్‌చన్ స్మారక శిలాశాసనం మొదట రాసింది యున్ గ్వాన్. శిష్యులకు నచ్చక రాజుకు మొరపెట్టుకున్నారు, కిమ్ బుసిక్ తిరగరాశాడు. యున్ కొడుకు దాన్ని మనసులో పెట్టుకున్నాడు. మీ చెట్టు పక్కన శాసనం రచయిత పేరు వేస్తే కిమ్ బుసిక్ అనే వేయండి.