ఫ్లోరెన్స్‌లో ఒక్క రోజు, వెంట అమ్మానాన్న: ఉఫీజీకి వెళ్ళాలా, వద్దా?

తెనాలి_శిరీష:
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అమ్మానాన్నని ఇటలీ తీసుకెళ్తున్నాను. మకాం రోమ్‌లో, ఫ్లోరెన్స్‌కి ఒక్క రోజే. పొద్దున రైలెక్కితే గంటన్నర, రాత్రికి వెనక్కి. నాన్నకి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఉఫీజీ మ్యూజియంకి టికెట్లు తీసుకోనా, లేక ఊరు చూసి వచ్చేద్దామా? నాకు వెళ్ళాలని ఉంది, మా ఆయన వద్దంటున్నారు.

పాత_చెప్పులు:
వద్దు. మీ ఆయన మాట వినండి. మేము వెళ్ళినప్పుడు టికెట్ 25 యూరోలు, ముందుగా బుక్ చేసినందుకు ఇంకో 4. నలుగురికి 116. మన డబ్బుల్లో పది వేల పైచిలుకు. గది తర్వాత గది, ప్రతి గదిలో మేరీ మాత, ఒళ్ళో బాలయేసు. ఇరవయ్యో నిమిషంలో మా నాన్న “ఇంకెన్ని గదులున్నాయిరా?” అని అడిగాడు. అదే డబ్బుతో నదొడ్డున కూర్చుని మంచి భోజనం చేయొచ్చు.

డల్లాస్_బుజ్జి:
ఉఫీజీ తప్పనిసరి. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం చూడకుండా వస్తే ఫ్లోరెన్స్ వెళ్ళి ఏం లాభం?

పాత_చెప్పులు:
డేవిడ్ ఉఫీజీలో లేదు. అకాడెమియాలో ఉంది. అది వేరే మ్యూజియం, వేరే టికెట్.

డల్లాస్_బుజ్జి:
ఉంది బ్రదర్. ఉఫీజీ పక్కనే నేను ఫోటో దిగాను.

పాత_చెప్పులు:
మీరు దిగింది నకలు పక్కన. అసలు విగ్రహాన్ని 1873లో అకాడెమియాకి తరలించారు, అది ముందున్న చోట నకలు పెట్టింది 1910లో. తెలియకపోతే ఊరుకోవాలి, “తప్పనిసరి” అనకూడదు.

డల్లాస్_బుజ్జి:
నకలైతే ఏంటి, పొడుగు అంతే కదా.

లలిత_మ్యూనిక్:
డేవిడ్ గోల పక్కన పెట్టండి. శిరీష గారూ, తప్పకుండా వెళ్ళండి. “ప్రతి గదిలో మేరీ మాతే” అన్నారు కదా, మొదట్లోనే ఒక గదిలో మూడు పెద్ద మేరీ మాతలు ఉంటారు. చిమాబూయే, దూచ్చో, జొట్టో గీసినవి. ఒకరి తర్వాత ఒకరిని చూడండి. జొట్టో దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నిజంగా కుర్చీలో బరువుగా కూర్చుంటుంది, బట్ట కింద మోకాళ్ళు తెలుస్తాయి. తర్వాతి రెండొందల ఏళ్ళలో చిత్రకళలో జరిగినదానికి మొదలు అక్కడే కనిపిస్తుంది. దీనికి పది నిమిషాలు చాలు, చదువు అక్కర్లేదు.

ఇంకో మాట. 1737లో, ఈ ఊరిని ఏలిన మెడిచి వంశంలో చివరి ఆడపడుచు అన్నా మరియా లూయిజా ఒప్పందం రాయించింది: మా ఇంటి బొమ్మలేవీ ఈ ఊరు దాటకూడదని. అందుకే అన్నీ ఒక్కచోట మిగిలాయి.

కాఫీ_కప్పు:
అది ఉఫీజీ కాదు, ఉఫ్ఫీత్సి. ఆఫీసులు అని అర్థం. 1560లో కొజిమో ప్రభువు తన గుమస్తాల కోసం వాస్తుశిల్పి వసారితో కట్టించడం మొదలుపెట్టాడు.

సున్నుండ:
ఆఫీసా! అందుకేనా అంత క్యూ 😀

పాత_చెప్పులు:
లలిత గారూ, మోకాళ్ళు తెలుస్తాయన్నారు. మా నాన్నకి తెలిసింది ఆయన మోకాళ్ళే. మొదటి కారిడార్ సగంలోనే బల్ల మీద కూలబడ్డాడు, ఇక లేవలేదు. బొమ్మలే కావాలంటే బయట చౌక్‌లో లోజ్జా దెయ్ లాంత్సి అనే తెరిచిన మండపం ఉంది. చెల్లీని చేసిన గ్రీకు వీరుడు పెర్సియస్ అక్కడే, నకలు కాదు, అసలుది. మెడూసా తల పట్టుకుని నిలబడ్డ కంచు విగ్రహం. రాతి అరుగుల మీద కూర్చుని పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. పెద్దవాళ్ళకి అది చాలు.

లలిత_మ్యూనిక్:
“పెద్దవాళ్ళకి అది చాలు” అనే మాట దగ్గరే నాకు మండుతుంది. మా అత్తగారిని తీసుకుని ఒక ప్యాకేజీ టూర్‌లో వచ్చాం. కరపత్రంలో “ఉఫీజీ సందర్శన” అని ఉంది. తీరా చూస్తే రెండు భవనాల మధ్య ఆవరణలో దింపి పావుగంట ఇచ్చారు. గూళ్ళలో లియొనార్డో, గెలీలియో విగ్రహాలు, ఫోటోలు, అంతే. లోపలికి తీసుకెళ్ళరా అని అడిగితే “పెద్దవాళ్ళు అలసిపోతారు మేడమ్” అన్నాడు గైడు. ఆ తర్వాత తోలు సంచుల కొట్లో గంటన్నర నిలబెట్టారు. అక్కడ ఎవరూ అలసిపోలేదు మరి! ఆవిడ ఇప్పటికీ ఉఫీజీ చూశాననే అందరికీ చెబుతుంది.

రైలుపిచ్చి:
సోమవారం మూసేస్తారు. అది చూసుకోండి ముందు.

గుంటూరు_కోడలు:
అత్తమామలతో వెళ్తే ఇంకో ఇబ్బంది. తిత్సియానో గీసిన, బట్టల్లేకుండా పడుకున్న ఆ వీనస్ ముందు ఎటు చూడాలో అర్థం కాలేదు. మామగారు మాత్రం కప్పు మీద డిజైన్ బాగుందన్నారు.

పాత_చెప్పులు:
లలిత గారూ, మీ టూర్ వాడు మోసం చేశాడు, సరే. దానికీ మా నాన్నకీ ఏం సంబంధం? సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెకా ముందు ఇదే మనిషి పావుగంట నిలబడ్డాడు. అదీ ఇటలీ శిల్పి బెంజోని చెక్కిందే. రాతిలో పల్చటి ముసుగు ఎలా తెచ్చాడురా అని దారంతా అదే మాట. అంటే ఆయనకి బొమ్మలు నచ్చవని కాదు. ఉఫీజీయే నచ్చలేదు.

లలిత_మ్యూనిక్:
లేక ఉఫీజీలో ఆయన పక్కన ఎవరూ లేరా? మీరు రాసిందే చదివి అడుగుతున్నాను. ఆయన బల్ల మీద కూర్చున్నారు. మీరెక్కడున్నారు?

పాత_చెప్పులు:
లోపల. మూడు గంటలు. టికెట్ డబ్బులు దండగ చేసుకోలేక.

లలిత_మ్యూనిక్:
మరి తప్పు అక్కడ బొమ్మలు గీసిన బొట్టిచెల్లిదా?

పాత_చెప్పులు:
మా ఇంటి సంగతి మీకెందుకండీ? జర్మనీలో కూర్చుని చెప్పడం తేలిక. మా నాన్న ఊరికి వెళ్ళి “మా వాడు నన్ను ఇటలీ తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాడు” అని అందరికీ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు మీకు తెలియదు.

సున్నుండ:
అన్నా, చల్లబడు. ఇది ఆవిడ టూర్ గురించి.

లలిత_మ్యూనిక్:
కటువుగా రాశాను, క్షమించండి. కానీ నా ప్రశ్న అదే. ఒక్క బొమ్మ గురించైనా ఆయనకి చెప్పారా?

పాత_చెప్పులు:
తెలిస్తే కదా చెప్పడానికి. ఆయన ఒక్కసారి లేచి వచ్చాడు, ఇంతకుముందు “ఇక లేవలేదు” అన్నది నిజం కాదు. ఆల్చిప్ప మీద నిలబడ్డ ఆవిడ ముందు ఆగి “ఎవర్రా ఈమె, ఎక్కడికి వస్తోంది?” అన్నాడు. నేను ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. సిగ్నల్ లేదు. నేను తలెత్తేసరికి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు గుడికి వెళ్తే గోపురం మీద ప్రతి బొమ్మ కథా ఆయనే చెప్పేవాడు నాకు. అక్కడ నా వంతు వచ్చింది, నా దగ్గర కథ లేదు. డేవిడ్ ఎక్కడుందో, పెర్సియస్ ఎవరు చేశారో అన్నీ తిరిగొచ్చాక చదివినవే.

డల్లాస్_బుజ్జి:
సముద్రపు నురగలో పుట్టిన వీనస్ అన్నా. గాలిదేవుడు ఊదుతుంటే ఒడ్డుకి వస్తోంది. ఒడ్డున ఒకావిడ వస్త్రం పట్టుకుని ఎదురు చూస్తోంది. ఇది మాత్రం నాకు తెలుసు.

పాత_చెప్పులు:
ఇప్పుడు నాకూ తెలుసు బుజ్జీ.

లలిత_మ్యూనిక్:
అయినా మనం ఒప్పుకోం. కథ తెలియకుండా వెళ్ళొద్దు అంటారు మీరు. జొట్టో గదిలో కథ అక్కర్లేదంటాను నేను.

తెనాలి_శిరీష:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా చదువుతుంటే, అసలు వాళ్ళిద్దర్నీ నేను అడగనే లేదని గుర్తొచ్చింది. రాత్రి ఫోన్ చేశాను. అమ్మ వస్తానంది, చూడాల్సిన బొమ్మలు నాలుగైదు ముందే ఫోన్‌లో పంపమంది. నాన్న “కూర్చునే చోటుందా?” అన్నారు. బుధవారం పదకొండుకి తీసుకుంటున్నాను.

పాత_చెప్పులు:
మంచిది, రోమ్ నుంచి తొందర లేకుండా రావచ్చు. కారిడార్లలో బల్లలున్నాయి. బొమ్మలు మొదలయ్యేది పై అంతస్తులో. లిఫ్ట్ ఉంది, గుమ్మం దగ్గర అడగండి. ఎవరూ అడగకుండా చూపించరు. మేము మెట్లెక్కాం.