అప్‌డేట్: ఎల్సా ఏమైందో మా పాపకి చెప్పేశాను

పోయిన వారం అడిగాను కదా, బోర్న్ ఫ్రీ (1966) సినిమా చూసి మా ఏడేళ్ల పాప రెండు రోజులు ఏడుస్తూనే ఉంది, అందులోని ఎల్సా అనే ఆడసింహం తర్వాత ఏమైందో నిజం చెప్పాలా వద్దా అని. చాలామంది చెప్పేయమన్నారు. ఆదివారం అన్నాలయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

ఎల్సా నిజంగానే కెన్యాలో పెరిగిందని, 1956లో దాని తల్లి సింహం మీదికొస్తే, అక్కడి వన్యప్రాణి అధికారి, తర్వాత ఎల్సాని పెంచిన జార్జ్ ఆడమ్సన్ దాన్ని కాల్చాల్సి వచ్చిందని, మిగిలిన మూడు కూనల్లో ఇదే చిన్నదని, పెద్దవి రెండూ రాటర్‌డామ్ జూకి వెళ్లాయని చెప్తుంటే మధ్యలో ఆపి "మరి అవి అమ్మ కోసం ఏడవలేదా?" అంది. నా గొంతు పట్టేసింది. 1961లో పిడుదుల వల్ల వచ్చే జబ్బుతో ఎల్సా పోయిందని, అప్పటికి దానికి ఐదేళ్లేనని చెప్పాను. నేను టెన్షన్ పడ్డట్టే ఏడ్చింది. కానీ ఈసారి నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత "దాని పిల్లలు?" అని అడిగింది. మూడింటినీ సెరెంగెటీ అనే పెద్ద అభయారణ్యంలో వదిలారని చెప్పాక కుదుటపడింది.

నన్ను కదిలించింది మాత్రం ఇంకోటి. ఆ సినిమాలో నటించిన వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ దంపతులు అక్కడితో ఆగలేదు. తమతో మరో సినిమాలో చేసిన పోలె పోలె అనే ఏనుగు 1983లో లండన్ జూలో చనిపోతే, మరుసటి ఏడాదే బోనుల్లోని జంతువుల కోసం సంస్థ పెట్టారు. అదీ పాపకి చెప్పాను.

శనివారం తాతయ్యతో కలిసి మళ్లీ చూస్తుందట. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.